కోడ్ ఎడిటింగ్ కి నిజంగా ఎంత టైమ్ పోతోందో లెక్క కట్టుకోవడం ఎలా

మా టీమ్ లో ఒక కుర్రాడు ఆ మధ్య ఒక పైథాన్ ఫైల్ లో వున్న 12 ప్రింట్ లైన్లని లాగర్.ఇన్ఫో కింద మార్చాడు (ప్రింట్ మెసేజ్ ని తెర మీద చూపిస్తుంది, లాగర్.ఇన్ఫో దాన్ని లాగ్ అనే రికార్డు లోకి పంపుతుంది). మార్చేసి నా సీటు దగ్గరికొచ్చి "అన్నా, ఒక్కటే కమాండ్, పదకొండు సెకండ్లు కూడా పట్టలేదు" అన్నాడు, మొహం వెలిగిపోతోంది. నేను కూడా డిఫ్ ని (ఏ లైన్లు ఎలా మారాయో చూపించేది) పైపైన చూసి ఓకే కొట్టేశా. ఆ పదకొండు సెకండ్ల మార్పు తర్వాత మా ఇద్దరి దగ్గరా కలిపి గంటా పది నిమిషాలు మింగేసింది. అదెలాగో మధ్యలో చెప్తా, ఎందుకంటే ఈ లెక్క మొత్తం నేను మొదలెట్టిందే దాని వల్ల.

ఎడిటింగ్ ఖర్చు అనగానే అందరూ ఎన్ని కీలు కొట్టాం అనే దగ్గరే ఆగిపోతారు, విమ్ వాళ్ళు మూడు కీలు చాలంటారు, విఎస్ కోడ్ వాళ్ళు మాకు రెండే అంటారు (రెండూ కోడ్ రాసే ఎడిటర్లే), ఇంక సాయంత్రం దాకా అదే గోల. కీలు కొట్టడం మొత్తం ఖర్చులో చాలా చవకైన ముక్క. మార్చాల్సిన చోటు వెతకడం, ఎలా మార్చాలా అని ఒక క్షణం ఆగడం, తప్పు కొట్టి వెనక్కెళ్ళడం, మార్చాక సరిగ్గా మారిందా అని చూడటం, చూడకపోతే వారం తర్వాత మళ్ళీ రావడం, ఇవన్నీ కూడా అదే మార్పు ఖాతాలోకే రావాలి. అందుకని ముందు ఒక గీత గీసుకోండి: "ఇది మార్చాలి" అని డిసైడ్ అయిన క్షణం దగ్గర స్టాప్‌వాచ్ మొదలు, "సరిగ్గా మారింది, నడుస్తోంది" అని తేలిన క్షణం దగ్గర ఆపు. ఈ రెండిటి మధ్య వున్నదంతా ఒక ఎడిట్.

కాగితం మీద లెక్కతో మొదలెడదాం, దీనికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. 1980లో స్టువర్ట్ కార్డ్, థామస్ మోరాన్, అలెన్ న్యూవెల్ అని ముగ్గురు కలిసి కీస్ట్రోక్ లెవెల్ మోడల్ అని ఒకటి బయటపెట్టారు. మొదటి ఇద్దరూ జెరాక్స్ పార్క్ ల్యాబ్ వాళ్ళు. తమాషా ఏంటంటే వాళ్ళు దాన్ని పరీక్షించిన వాటిలో టెక్స్ట్ ఎడిటర్లే వున్నాయి, అంటే మనం ఇప్పుడు కొట్టుకుంటున్న గొడవకి నలభై ఏళ్ళ కిందటే ఒక స్కేలు తయారైపోయింది. పనిని చిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కకి ఇన్ని సెకండ్లు అని వేసుకుని కూడటమే. మనకి కావాల్సినవి ఇవి:

ఒక కీ కొట్టడం: మామూలు కంప్యూటర్ మనిషికి 0.28, చేయి తిరిగిన టైపిస్టుకి 0.20
మౌస్ తో ఒక చోటికి గురిపెట్టడం: 1.1
మౌస్ బటన్ నొక్కడం 0.1, వదలడం 0.1, అంటే ఒక క్లిక్ 0.2
కీబోర్డు నుంచి మౌస్ కి, మౌస్ నుంచి కీబోర్డుకి చేయి మారడం: ఒక్కోసారికి 0.4
మనసులో ఒక్క క్షణం తయారవ్వడం: 1.35

ఆ ఆఖరిది చూడండి. ఒక్కసారి "ఊ, ఇప్పుడేం చేయాలి" అనుకున్నారంటే దాదాపు ఐదు కీలు కొట్టేంత టైమ్ అయిపోయింది. మూడు కీలు మిగిల్చే షార్ట్‌కట్ ఒకటి నేర్చుకుని, అది గుర్తు తెచ్చుకోవడానికి ప్రతిసారీ ఒక క్షణం ఆగుతున్నామంటే నష్టంలోనే వున్నాం అన్నమాట.

ఇంకో సంగతి, 0.28 ని గుడ్డిగా వాడకండి, అది మామూలు వాక్యాలు టైప్ చేసే లెక్క. వాళ్ళ పట్టికలోనే అర్థం లేని అక్షరాలు కొడితే 0.50, చిక్కు కోడ్‌లు కొడితే 0.75 అని వుంది. మన కోడ్ లో బ్రాకెట్లు, అండర్‌స్కోర్లు, షిఫ్ట్‌లు ఎక్కువ కదా, కాబట్టి మీ నెంబరు మీరే కొలుచుకోండి. మీ ప్రాజెక్ట్ లోంచే ఒక 200 అక్షరాల ముక్క తీసుకుని, ఖాళీ ఫైల్ లో ఆటో కంప్లీట్ ఆపేసి చూసి కొట్టండి, ఫోన్ లో స్టాప్‌వాచ్ పెట్టుకుని. నాకు 74 సెకండ్లు పట్టింది, అంటే కీకి 0.37. నేను చాలా ఫాస్ట్ అనుకునేవాణ్ణి, సరే.

ఇప్పుడు ఆ కుర్రాడి 12 ప్రింట్ లైన్లు తీసుకుందాం. అందరికీ సరిపోయేలా 0.28 తోనే వేస్తున్నా.

చేత్తో అయితే: ఒక్కో లైన్ కి ఒక క్షణం తయారవ్వడం 1.35, చేయి మౌస్ మీదకి 0.4, ప్రింట్ అనే మాట మీద గురి 1.1, డబుల్ క్లిక్ 0.4, చేయి వెనక్కి 0.4, లాగర్.ఇన్ఫో చుక్కతో కలిపి 11 కీలు 3.08. మొత్తం 6.73, పన్నెండు సార్లు అంటే 81 సెకండ్లు. మొదటిది మాత్రం టైప్ చేసి, దాన్ని కాపీ చేసి, మిగతా పదకొండు చోట్ల పేస్ట్ చేసుకుంటూ పోతే 49 సెకండ్లు వస్తుంది, కుడి చేయి మౌస్ మీదే వుంటుంది కాబట్టి.

విఎస్ కోడ్ లో కంట్రోల్ డి తో అయితే మాట మీద కర్సర్ పెట్టి, కంట్రోల్ పట్టుకుని డి పన్నెండు సార్లు కొట్టి, అన్ని చోట్లా ఒకేసారి టైప్ చేసి ఎస్కేప్: 10.5 సెకండ్లు. కానీ ఇది ఏది సెలెక్ట్ అవుతోందో చూడకుండా టకటకా కొట్టుకుంటూ పోతే. ఒక్కోదాన్నీ చూసుకుంటూ వెళ్తే పదకొండు సార్లు 1.35 కలుపుకోవాలి, 25.3 అవుతుంది.

విమ్ లో సబ్‌స్టిట్యూట్ కమాండ్ అయితే షిఫ్ట్‌లతో కలిపి 30 కీలు, రెండు సార్లు ఆలోచన, 11.1 సెకండ్లు. ప్రతి చోటా అడిగి మార్చేలా చివర్లో కన్ఫర్మ్ అక్షరం కూడా పెడితే పన్నెండు సార్లు చూసి అవును కొట్టాలి, 30.9.

10.5, 11.1. ఇంత గొడవా ఈ అర సెకను కోసమా అనిపించింది నాకు. అసలు తేడా ఎడిటర్ల మధ్య లేదు, చూసి మార్చడానికీ చూడకుండా మార్చడానికీ మధ్య వుంది, అది పదిహేను ఇరవై సెకండ్లు. మా వాడు మిగిల్చుకున్నది అదే.

ఇంక ఆ గంటా పది నిమిషాల కథ. వాడు విమ్ లో అడగకుండా మార్చే కమాండ్ కొట్టాడు, మాట మొదలు ఇదీ అని చెప్పే గుర్తు పెట్టలేదు. ఆ ఫైల్ లో ఒక పీప్రింట్ కూడా వుంది, డిక్షనరీలని అందంగా చూపించేది, అది కాస్తా ముందు 'పీ' మిగిలిపోయి పీలాగర్.ఇన్ఫో అయి కూర్చుంది. ఆ లైన్ ఎర్రర్ వచ్చినప్పుడు మాత్రమే నడిచే చోట వుంది కాబట్టి వెంటనే ఎవరికీ తెలీలేదు. రెండోది ఇంకా దొంగది. ప్రింట్ కి కామా పెట్టి ఎన్ని ఇచ్చినా పక్కపక్కన ముద్రిస్తుంది, "మొత్తం వరుసలు", కామా, ఎన్ అని. అదే లాగర్ కి ఇస్తే, కామా తర్వాతది మొదటి స్ట్రింగ్ లో పర్సెంట్ గుర్తున్న చోట పెట్టాలి కాబోలు అనుకుంటుంది, అక్కడ చోటు లేకపోతే లాగింగ్ ఎర్రర్ అని ఇంత పొడుగు ట్రేస్‌బ్యాక్ కక్కుతుంది (ఎర్రర్ ఎక్కడ పుట్టిందో చూపే జాబితా అది), ప్రోగ్రామ్ మాత్రం ఆగదు. పైగా పైథాన్ లో లాగింగ్ ని ఏమీ సెట్ చేయకపోతే వార్నింగ్ కంటే కింది స్థాయివి (ఇన్ఫో అందులోదే) అసలు చూపించదు, చూపించనప్పుడు ఆ స్ట్రింగ్ ని కలపడానికి కూడా ప్రయత్నించదు. అందుకే వాడి మెషిన్ లో అంతా ప్రశాంతంగా వుంది, ఇన్ఫో ఆన్ చేసి వున్న టెస్ట్ సర్వర్ లో మాత్రం లాగ్ ఫైల్ నిండా చెత్త. వాడు 40 నిమిషాలు, నేను 30 నిమిషాలు దాని వెనకాల తిరిగాం.

డబ్బుల్లో చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. ఉదాహరణకి నెలకి లక్ష జీతం, 160 గంటలు అనుకోండి, గంటకి 625 రూపాయలు. 11 సెకండ్లు అంటే రూపాయి తొంభై పైసలు. చూసి మార్చి వుంటే ఐదు రూపాయల నలభై పైసలయ్యేది. చూడకుండా మార్చినందుకు 729 రూపాయలు అయింది. (జీతమే కంపెనీ ఖర్చు కాదు, సీటు, కరెంటు, లాప్‌టాప్ వుంటాయి, కానీ పోల్చుకోవడానికి ఇది చాలు.)

కాగితం లెక్కకి వున్న పెద్ద లోటు కూడా ఇక్కడే బయటపడుతుంది, ఆ మోడల్ పని బాగా వచ్చినవాడు తప్పు లేకుండా చేస్తే ఎంత పడుతుంది అని మాత్రమే చెప్తుంది. తయారు చేసినవాళ్ళు కూడా ఒక్కో పనికి అంచనా దాదాపు 21 శాతం అటూ ఇటూ వుంటుందనే చెప్పారు. అందుకని దాన్ని కనీస ధర అనుకోండి. అసలు బిల్లు కావాలంటే మీరు పని చేస్తుండగా రికార్డ్ చేయాలి.

విమ్ అయితే సులువు, తెరిచేటప్పుడే మైనస్ చిన్న డబ్ల్యూ ఆప్షన్ ఇచ్చి ఒక ఫైల్ పేరు ఇస్తే బయటికొచ్చేదాకా కొట్టిన ప్రతి కీ దాంట్లోకి వెళ్తుంది. అదే ఫైల్ మళ్ళీ ఇస్తే చివర కలుపుతుంది, పెద్ద డబ్ల్యూ అయితే పాతది చెరిపేసి రాస్తుంది. ఆ ఫైల్ పేరు అంకెతో మొదలెట్టకండి, విమ్ దాన్ని వేరే సెట్టింగ్ అనుకుంటుంది, నేను తేదీతో పేరు పెట్టి పది నిమిషాలు తల గోక్కున్నా. ఈమాక్స్ అనే ఇంకో ఎడిటర్ లో ఓపెన్ డ్రిబుల్ ఫైల్ అనే కమాండ్ వుంది, అదీ ఇదే పని. అంత వద్దనుకుంటే కంట్రోల్ హెచ్ తర్వాత ఎల్ కొడితే ఇప్పటిదాకా కొట్టిన ఆఖరి కీలు కొన్ని వందలు చూపిస్తుంది. విఎస్ కోడ్ లో ఇలా ఫైల్ లోకి రాసేది కనపడదు, కానీ కమాండ్ ప్యాలెట్ లో స్క్రీన్‌కాస్ట్ మోడ్ అని వుంటుంది, అది ఆన్ చేస్తే మీరు కొట్టే కీలు, క్లిక్ లు తెర మీద పెద్దగా కనిపిస్తాయి, దాన్ని ఏ స్క్రీన్ రికార్డర్ తో అయినా పట్టుకోవచ్చు. నిజానికి విమ్ వాళ్ళకి కూడా స్క్రీన్ రికార్డింగ్ కావాలి, ఎందుకంటే ఆ కీల ఫైల్ లో టైమ్ వుండదు, ఆగిన చోట్లు తెలీవు.

ఒక హెచ్చరిక: ఈ ఫైళ్ళలో మీరు కొట్టిన పాస్‌వర్డ్ లు, టోకెన్లు కూడా పడిపోతాయి. ఆఫీస్ మెషిన్ మీద కీలు రికార్డ్ చేయడానికి ఒప్పుకోరు చాలా చోట్ల, ముందు అడగండి, లేదంటే సొంత ప్రాజెక్ట్ మీద చేయండి. ఇంకోళ్ళ కీలు మాత్రం వాళ్ళకి తెలీకుండా ఎప్పుడూ రికార్డ్ చేయొద్దు, మీరు లీడ్ అయినా సరే.

ఎంతసేపు చేయాలి అంటే ఇరవై నిమిషాలు చాలు, అది కూడా మామూలు రోజు మామూలు పని మీద, చూపించుకోవడానికి కాదు. రికార్డ్ చేస్తున్నంతసేపూ పైకి మాట్లాడుకోండి. ఇది పిచ్చిగా అనిపిస్తుంది కానీ ఈ మొత్తం పద్ధతిలో నాకు బాగా పనికొచ్చింది ఇదే. ఎందుకంటే తెర మీద కర్సర్ ఐదు సెకండ్లు కదలకుండా వుందంటే అది ఎడిటింగ్ ఖర్చా, లేక ప్రాబ్లమ్ గురించి ఆలోచిస్తున్నారా అనేది వీడియో చెప్పదు. "ఈ లూప్ లో సున్నా వస్తే ఏమవుతుంది" అని గొణిగితే అది మీ అసలు పని, దాన్ని ఖర్చులో వేయకండి. "అబ్బా, ఆ ఫంక్షన్ ఏ ఫైల్ లో వుంది రా బాబూ" అంటే వెతకడం. "దీనికేదో షార్ట్‌కట్ వుండాలే" అంటే ఎడిటర్ గురించిన ఆలోచన. మీ నోరే మీకు విభజించి ఇస్తుంది.

తర్వాత ఒక నోట్‌బుక్ లో ఐదు గడులు గీసి (వెతకడం, ఎడిటర్ గురించి ఆగడం, కొట్టడం, దిద్దుకోవడం, సరిచూడటం) వీడియోని ఆపుకుంటూ చూసి సెకండ్లు వేసుకోండి. రెండు సెకండ్ల లోపు ఆగినవాటిని పట్టించుకోకండి, లేకపోతే పిచ్చెక్కుతుంది. ఇరవై నిమిషాల వీడియోకి నాకు గంట పైనే పట్టింది, అందుకే ఎక్కువ రికార్డ్ చేయొద్దన్నది. నా మొదటి రికార్డింగ్ లో కొట్టడం గడి అన్నిటికంటే పెద్దదిగా వుంటుందనుకున్నా, అది మూడో స్థానంలో వచ్చింది. మొదటిది వెతకడం. ఫైల్ లో పైకీ కిందకీ స్క్రోల్ చేస్తూ, ఇందాక వున్న చోటికి మళ్ళీ వెనక్కి రావడానికి దారి వెతుక్కుంటూ. ఇన్నేళ్ళుగా నేను వేగంగా టైప్ చేయడం మీద దృష్టి పెట్టానన్నమాట, పోయే టైమేమో స్క్రోల్ బార్ దగ్గర పోతోంది. అందుకని నేను కొత్తగా నేర్చుకున్నది ఒక్కటే, ఎడిటర్ లో ఇందాకటి చోటికి వెనక్కి దూకే కీ, కోడ్ రాసే ఎడిటర్లలో చాలా వాటిలో వుంటుంది అది.

గిట్ (కోడ్ లో చేసిన మార్పుల చరిత్ర దాచే టూల్) నుంచి కూడా కొంత తెలుస్తుంది, కానీ జాగ్రత్తగా. నమ్‌స్టాట్ ఆప్షన్ ఫైల్ కి ఎన్ని లైన్లు కలిశాయి ఎన్ని పోయాయి చెప్తుంది, అయితే ఒక్క అక్షరం మార్చినా ఒక లైన్ పోయి ఒక లైన్ వచ్చినట్టే చూపిస్తుంది, కాబట్టి దాంతో ఎడిటింగ్ ని కొలిస్తే అంతా తప్పు. మాట మాటకీ తేడా చూపించే వర్డ్ డిఫ్ కొంచెం నయం. నాకు గిట్ బాగా పనికొచ్చేది ఇంకో దానికి: మళ్ళీ మళ్ళీ దిద్దిన లైన్లు పట్టుకోవడానికి. గిట్ లాగ్ కి పెద్ద ఎల్ ఆప్షన్ ఇచ్చి లైన్ల నెంబర్లు, ఫైల్ పేరు ఇస్తే ఆ నాలుగు లైన్ల చరిత్ర మొత్తం వస్తుంది. ఒక పెద్ద మార్పు చేసిన వారం తర్వాత ఆ లైన్ల మీద ఇది నడిపి చూడండి, మళ్ళీ ముట్టుకుని వుంటే ఆ టైమ్ ని పాత ఎడిట్ ఖాతాలోనే వేయండి. మా పీప్రింట్ గోల అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది, మూడు రోజుల్లో మూడు కమిట్ లు (గిట్ లో సేవ్ చేసిన మార్పులు), అన్నీ అదే చోట.

ఇదే ఊపులో ఒక చిన్న విషయం, యాప్ లలో తెలుగు స్ట్రింగ్స్ దిద్దే వాళ్ళకి. మా దగ్గర ఒక జేసన్ ఫైల్ లో (ఒక్కో పేరుకీ ఒక్కో విలువ రాసుకునే ఫైల్) తెలుగు మెసేజ్ లు వుంటాయి, అది దిద్దేటప్పుడు పై లెక్కలు ఏవీ పనిచేయవు. "స్త్రీ" అని ఒక్క అక్షరం తీసుకోండి, కంటికి ఒకటే, యూనికోడ్ లో మాత్రం ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. యూటీఎఫ్ 8 లో (అక్షరాలని ఫైల్ లో దాచే పద్ధతి) 18 బైట్లు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ లో ఆరు కీలు, షిఫ్ట్ అక్కర్లేదు. నా ఎడిటర్ లో బ్యాక్‌స్పేస్ కొడితే దీర్ఘం ఒక్కటే పోతుంది, డిలీట్ కొడితే అక్షరం మొత్తం మాయమవుతుంది. వెనక నుంచి చెరుపుకుంటూ వస్తే మధ్యలో పొల్లు వేలాడుతున్న సగం అక్షరాన్ని చూసి ఎక్కడ ఆగాలో తెలీక ఒక్కోసారి మొత్తం మాట చెరిపి మళ్ళీ కొడతా. దీనికి తోడు కీబోర్డ్ భాష మార్చడం, మెసేజ్ కి పెట్టిన పేరు ఇంగ్లీష్ లో, మెసేజ్ తెలుగులో, ప్రతి లైన్ కీ రెండు సార్లు మార్పు, ఒక్కోసారికి ఒక ఆలోచన రెండు కీలు వేసుకున్నా 1.91 సెకండ్లు, రెండింటికీ 3.82. అదీ మర్చిపోకుండా మారిస్తే. మర్చిపోయి విమ్ లో తెలుగు ఆన్ లో వుండగా కమాండ్ కొడితే ఏదీ పనిచేయదు, ఎడిటర్ హ్యాంగ్ అయిందేమో అనుకుని రెండు సార్లు టెర్మినల్ మూసేశా కూడా. ఇలాంటి ఫైల్ లో ముందు తెలుగు మెసేజ్ లన్నీ వేరే చోట ఒకేసారి రాసుకుని, తర్వాత తెచ్చి అతికించడమే నాకు చవక అయింది, యాభై లైన్లు అయితే కీబోర్డ్ మార్పుల మీదే మూడు నిమిషాల పైన మిగులుతుంది.

మాక్రో (కొట్టిన కీలని రికార్డ్ చేసి మళ్ళీ మళ్ళీ నడిపేది) రాయాలా చేత్తో చేయాలా అనేదానికి కూడా ఇదే లెక్క. మాక్రో రికార్డ్ చేయడం, అది మూడో లైన్ లో చెడిపోవడం, మళ్ళీ రికార్డ్ చేయడం, మొత్తం నాలుగు నిమిషాలు అనుకోండి, 240 సెకండ్లు. కాపీ పేస్ట్ తో ఒక్కో చోటా 3.4 సెకండ్లు. అంటే దాదాపు డెబ్భై చోట్లు వుంటే తప్ప మాక్రో గిట్టుబాటు కాదు, అదీ చూసే టైమ్ రెండిటికీ సమానం అనుకుంటే. ఇదే పని వచ్చే నెల మళ్ళీ వస్తుంది అంటే లెక్క మారిపోతుంది, నేను అలాంటివి మాత్రమే సేవ్ చేసుకుంటా. సరదా కోసం రాసేవాళ్ళు రాసుకోండి, నేనూ రాస్తా, కాకపోతే టైమ్ మిగిలింది అని చెప్పను.

మళ్ళీ ఆ కంట్రోల్ డి గురించి ఒక మాట మర్చిపోయా. మాట మీద ఊరికే కర్సర్ పెట్టి కంట్రోల్ డి మొదలెడితే అది పూర్తి మాటనే వెతుకుతుంది, పీప్రింట్ జోలికి పోదు. డబుల్ క్లిక్ తో సెలెక్ట్ చేసి మొదలెడితే మాత్రం ఎక్కడ ఆ అక్షరాలుంటే అక్కడ పట్టుకుంటుంది. ఒక్క క్లిక్ తేడా. మా వాడికి ఇది చూపించినప్పుడు "మరి ముందే చెప్పొచ్చుగా అన్నా" అన్నాడు, నాకూ ఆ వారమే తెలిసిందని నేను చెప్పలేదు.

లెక్కలు వేసుకోవడం అయ్యాక ఆ కీల ఫైల్, ఆ వీడియో రెండూ డిలీట్ చేసేయండి, నోట్‌బుక్ లో అంకెలు వుంటే చాలు. నేను మొదటిసారి మర్చిపోయి ఆ ఫైల్ ని ప్రాజెక్ట్ ఫోల్డర్ లోనే వదిలేస్తే సాయంత్రం గిట్ స్టేటస్ లో కనిపించింది, ఇంకొంచెంలో కమిట్ అయిపోయేది.